ముల్లుపెట్టె ఆయన

ఆదోని నుంచి కబురు తెచ్చిన మనిషి మా వీధి మొదట్లో నిలబడి, ఫలానా ఆయన పోయినాడని పేరు పెట్టి చెబితే ఎవరికీ అర్థం కాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మగ్గం గుంటలోంచి లేచి వాకిట్లోకి వచ్చి, "ఎవరు, ముల్లుపెట్టె ఆయనా?" అని అడిగాను. ఆ మనిషి తలూపాడు. అప్పుడు వీధి వీధంతా "అయ్యో" అంది. ఎదురింటి ముసలామె ఎట్ల పోయినాడని అడగలేదు. "ఈరన్నకు తెలిసిందా?" అని అడిగింది.

ఆ ఇద్దరినీ విడదీసి తలుచుకోవడం మా ఎమ్మిగనూరు వీధిలో ఎవరికీ చేతకాదు. ఆయన ఆదోని–ఎమ్మిగనూరు బస్సు డ్రైవరు. కాపురం ఆదోనికి మార్చక ముందు చాలా ఏళ్ళు మా పక్కింట్లోనే ఉన్నాడు. ఈరన్న ఆయన భార్య లక్ష్మక్కకు తమ్ముడు. రెండు కండ్లూ లేనివాడు. నేను కోడలిగా ఈ వీధికి వచ్చేనాటికే ఆ కండ్లు పోయి ఉన్నాయి. వాళ్ళకూ మాకూ మధ్య ఒకటే గోడ. ఇండ్ల ముందరి ఖాళీ జాగాలో గుంజల మీద రేకులు వేసి బస్సు షెడ్డు కట్టారు. నేను మగ్గంలో కూర్చుంటే వాకిలిలోంచి బస్సు మూతీ, దాని ముందు వంగి నిలబడ్డ ఆయన వీపూ కనిపించేవి. ఆయనను తలుచుకుంటే నాకు ముందు ఆ వీపే గుర్తుకొస్తుంది.

ముల్లుపెట్టె అంటే మీటరు. తోలు సంచిలో ఉండే చిన్న పెట్టె. పైన అద్దం, అద్దం కింద వెంట్రుకంత సన్నటి ముల్లు, పక్కన రెండు తీగలు. బ్యాటరీలో బలం ఎంత మిగిలిందో, ఇంజను తిరుగుతున్నప్పుడు ఆ బలం మళ్ళీ నిండుతోందో లేదో ముల్లు కదిలి చెబుతుంది. అప్పటికి మా వీధిలో ఎవరింట్లోనూ కరెంటు దీపం లేదు. అందుకని ఆయన దాన్ని బయటికి తీస్తే మా ఆడవాళ్ళం చేతిలో పని ఆపి చూసేవాళ్ళం.

పొద్దున బస్సు కదిలే ముందు రోజూ ఒకటే తంతు. మొదట వేలి ఉంగరం తీసేవాడు. తర్వాత చేతికున్న వెండి కడియం. రెండూ చొక్కా జేబులో వేసి గుండీ పెట్టేవాడు. భుజం మీది తువ్వాలు తీసి దూరంగా గుంజకు కట్టేవాడు. పంచె ఎగగట్టి కొసలు లోపలికి దోపేవాడు. అప్పుడు గానీ బానెట్టు ఎత్తేవాడు కాదు.

"ఉంగరం ఏంటికి తీస్తావన్నా రోజూ?" అని ఒకసారి అడిగాను.

"ఇది పోయి బ్యాటరీ రెండు మొనలకూ తగిలిందనుకో తల్లీ, కొలిమిలో పెట్టినట్ల ఎర్రగా కాల్తాది. వేలు తెగి కింద పడతాది. బంగారానికి నా వేలంటే ఏం జాలి?"

బ్యాటరీ పెట్టె మూత తీసి, విసనకర్రతో దాని మీద కాసేపు విసిరేవాడు. మా వీధి ఆడవాళ్ళకు అది పెద్ద నవ్వులాట. పెండ్లికొడుక్కి ఇసిరినట్ల ఇసుర్తాండాడని ముసిముసిగా నవ్వేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. "దీంట్లోంచి కంటికి కనపడని గాలి లేస్తాది. పెట్రోలు మాదిరి అంటుకుంటాది" అనేవాడు. షెడ్డు దరిదాపుల్లో ఎవరైనా చుట్ట ముట్టిస్తే మాత్రం ఆ మెత్తటి మనిషి గొంతు చించుకుని అరిచేవాడు. ప్రయాణీకుడైనా సరే, పటేలైనా సరే.

తీగలకు ఎక్కడైనా తొడుగు చిట్లిందేమోనని వేళ్ళతో తడిమి చూసేవాడు. తర్వాత జేబులోంచి కొత్త టార్చి సెల్లు తీసి, మీటరు తీగలు ముందు దానికి ఆనించేవాడు. ముల్లు కదిలిందని చూసుకున్నాకే బ్యాటరీ దగ్గరికి పోయేవాడు. "ముందు తెలిసినదాన్ని అడగల్ల. ఆడ నిజం చెప్తే, తెలియనిదాన్ని అడిగినప్పుడు నమ్మొచ్చు." ఇది ఆయన మాట. ఇంజను తిరుగుతున్నప్పుడు చూడాల్సి వస్తే తీగలు ఫ్యాను వైపు పోకుండా చుట్టి పట్టుకుని, ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకునేవాడు. ప్లగ్గు తీగల దగ్గర రెండు చేతులూ పెడితే దెబ్బ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి గుండె మీదుగా పోతుందంట. అట్లా ఒక చెయ్యి వెనక పెట్టుకుని, తల వంచుకుని నిలబడితే, బడిలో అయ్యవారు దండించిన మనిషిలాగా కనిపించేవాడు.

ఇంకొకటి. మీటరు బయటికి తీసే ముందు మా వాకిట్లోకి వచ్చి, "అమ్మా, ఒక బిందెడు నీళ్ళు" అని అడిగేవాడు. మంచినీళ్ళు, మూత పెట్టిన బిందె, చేతికందేంత దూరంలో ఉండాలి. రేడియేటరు నీళ్ళు వేరే డబ్బాలో ఉండేవి. ఈ బిందె ఏంటికని ఎవరడిగినా జవాబు చెప్పేవాడు కాదు. పని అయ్యాక ఆ బిందె తనే మోసుకొచ్చి, చుక్క తొణక్కుండా మా గడప లోపల పెట్టి పోయేవాడు. ఎండాకాలం బావి అడుగంటిన రోజుల్లో కూడా ఆ బిందె లేకుండా బానెట్టు ఎత్తడం నేను చూడలేదు.

ఈ జాగ్రత్తలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో వీధిలో అందరికీ తెలుసనుకునేవాళ్ళం. ఈరన్న వల్ల వచ్చాయి. ఒకప్పుడు ఈరన్న ఇదే బస్సుకు క్లీనరు. బీడీ తాగుతూ బ్యాటరీ మీదికి వంగాడు. బ్యాటరీ పేలి, దాంట్లోని ఆసిడ్ కండ్లలో పడింది. అప్పటికే వానికి పెండ్లి కుదిరి ఉంది. ఆ సంబంధం వెనక్కి పోయింది. అక్క ఇంట్లో అరుగు మీద కూర్చుని నార తాళ్ళు పేనుతూ ఉండిపోయాడు. ఇదీ మాకు తెలిసిన కథ.

ఈ కథను మరిచిపోనివ్వని మనిషి లక్ష్మక్క. తమ్ముడంటే ప్రాణం. ప్రాణం కాబట్టే రోజూ తిట్టేది. అన్నం పెడుతూ తిట్టేది, తల అంటుతూ తిట్టేది. "ఒక్క బీడీ తాగకుంటే నీ ప్రాణం పోతాండెనా రా? ఆ పిల్ల బంగారట్లాంటి పిల్ల. ఈపాటికి నీకు ఇద్దరు బిడ్డలుందురు. పాడు బీడీ, పాడు బీడీ!" గోడ ఇవతలికి నాకు ప్రతి మాటా వినిపించేది. ఆ వెనకే ఈరన్న నవ్వు. "అవునే అక్కా, ఆ బీడీ ముండ నన్ను ముంచె. ఇంగొక ముద్ద పెట్టు."

ఆ మాటలు మొదలైతే ఆయన, విస్తరి ముందు కూర్చుంటే తినడం ఆపేవాడు. గడపలో ఉంటే చెప్పులు వేసుకుని షెడ్డుకు పోయేవాడు. ఈరన్న ఎదురుగా నిలబడి మాట్లాడవలసి వస్తే తల కిందికి దించేసేవాడు. చూడలేని మనిషి ముందు తల దించుకోవడం ఏమిటని నాకు వింతగా ఉండేది. ఈరన్నకు అది కూడా తెలుసు. ఒకరోజు నా ముందే అన్నాడు:

"బావా, తల ఎత్తి మాట్లాడప్పా. నీ మాట నేలలోకి పోతాంది. నాకు అందల్ల గదా."

ఆయన తల ఎత్తలేదు. గొంతు మాత్రం కొంచెం పెంచాడు.

యుద్ధం వచ్చింది. పెట్రోలు దొరక్క, బొగ్గు గాలితో ఇంజను నడిచేటట్లు బస్సు వెనకాల పొయ్యి తగిలించారు. పొద్దున్నే పొయ్యి రగిలించి గాలి తిప్పుతుంటే వీధంతా పొగ. నిప్పు దగ్గర పని కాబట్టి ఆయన చాదస్తం రెట్టింపయింది. ఆ రోజుల్లోనే బస్సు సొంతదారైన ఆదోని షావుకారు ఆయనకు తోడుగా కోడుమూరు వైపు నుంచి ఒక కొత్త డ్రైవరును పంపాడు. హుషారైన మనిషి, మీసం దువ్వుకుంటూ తిరిగేవాడు. చేతికి పెద్ద కడియం.

ఒక మధ్యాహ్నం, ఆయన ఇంట్లో అన్నం తింటుండగా, కొత్త డ్రైవరు బస్సు తీయబోయాడు. ఇంజను అందుకోలేదు. బానెట్టు ఎత్తి, బ్యాటరీ మూత తీసి, స్పానరు చేతికి తీసుకున్నాడు. నేను మగ్గంలోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకుంటూ బయటికొచ్చాడు.

"స్పానరు కింద పెట్టు! కింద పెట్టంటాండా!"

"ఏమాయెన్నా? రెండు మొనలకూ అడ్డం పెడితే నిప్పు వస్తాదా రాదా, అంతే గదా సూసేది. నువ్వు ముల్లుపెట్టె తెచ్చి, ఉంగరాలు తీసి, గాలి ఇసిరి పూజ చేసేలోగా నేను ఆదోని పోయి వస్తా."

"ఆ పెట్టె లేకుండా బ్యాటరీ ముట్టుకోవద్దు."

కొత్త డ్రైవరు నవ్వాడు. "భయపడొద్దన్నా. మీ బామ్మర్ది మాదిరి నా నోట్లో బీడీ ల్యాదులే."

అరుగు మీద తాడు పేనుతున్న ఈరన్న కూడా నవ్వాడు. "అట్ల సెప్పప్పా! నన్ను సూసన్నా బుద్ధి తెచ్చుకోండి." గడపలో జొన్నలు చెరుగుతున్న లక్ష్మక్క చేట ఆపి, "ఆ పాడు బీడీ..." అని ఎత్తుకుంది.

"వాని నోట్లో బీడీ ల్యాదు," అన్నాడు ఆయన.

ఎవరికీ అర్థం కాలేదు. లక్ష్మక్క, "ఏందయ్యా?" అంది.

"ఆ పొద్దు వాని నోట్లో బీడీ ల్యాదు. నిప్పు నాది. స్పానరు నాది."

"బావా," అన్నాడు ఈరన్న. వాని నవ్వు పోయింది. "బావా, లోపలికి పోయి కూడు తిను."

ఆయన ఆగలేదు. తల కిందికే వేసుకుని, ఎంగిలి చెయ్యి అట్లాగే పట్టుకుని చెప్పుకుపోయాడు. "పొద్దుట్నుంచి బ్యాటరీ చార్జింగులో ఉండె. గాలి లేస్తాండె. షావుకారు మీటరు కొత్తగా తెప్పించి ఇచ్చిండె, నేను సంచి కూడా విప్పలేదు. 'బావా, మీటరు పెట్టి సూడు' అని వీడే సెప్పినాడు. 'ఈ ముల్లు నాకు సెప్పేదేంది రా, నేను డ్రైవర్ని' అంటిని. తీగ పక్కకు పట్టుకోమంటిని. వీడు వంగినాడు. నేను స్పానరు అడ్డం పెడితిని. నీళ్ళకు ఉరికితే ఆదోని షెడ్డు కుండలో చుక్క ల్యాదు. బళ్ళారి ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు, ఆ నిమిషంలోనే బాగా నీళ్ళు పోసి కడిగింటే ఒక కన్నన్నా దక్కేదని. షావుకారు వచ్చి ఎవురు చేసినారని అడిగితే, నేను నోరు తెరిచేలోగా వీడే సెప్పె, బీడీ తాగితినని. నా పని పోతే అక్క సంసారం ఏమైతాదోనని సెప్పినాడు. నేను ఊరుకుంటి. ఆ పొద్దు ఊరుకున్నోణ్ణి ఇంతవరకూ ఊరుకుంటి."

కొత్త డ్రైవరు స్పానరు మెల్లగా నేల మీద పెట్టాడు. లక్ష్మక్క లేచి వచ్చి తమ్ముడి ఎదుట నిలబడింది. "నిజమేనా రా?" అంది. ఈరన్న బావ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. వాడు కోపపడడం నేను చూసింది అదే మొదటిసారి.

"నేను మోస్తాంటి గదా. ఇన్నేండ్లూ నేను మోస్తి. నీకేం బరువాయె బావా?"

ఆయన ఆ మాటకు అక్కడే బస్సు చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. నిజం చెబితే గుండె తేలికపడుతుందని అనుకుని ఉంటాడు. ఆ మొహం చూస్తే అట్లా ఏమీ కాలేదు. దాచిన సిగ్గు ఒకటి, బయటపెట్టిన సిగ్గు ఒకటి, ఇప్పుడు రెండయినాయి.

మరుసటి రోజు ఆదోని పోయి పత్తి బేళ్ళ మధ్య కూర్చున్న షావుకారుకు కూడా అంతా చెప్పాడు. పని పోతుందని సిద్ధపడే పోయాడు. సాయంత్రం వచ్చి మా అరుగు మీద కూర్చుని మా ఆయనతో అన్నాడు: "షావుకారు ఏమన్నాడో తెలుసునా? 'ఎప్పటిదో గదప్పా అది. బండి ఈ పొద్దు టయానికి వచ్చెనా?' అన్నాడు. అంతే. తీసేయలేదప్పా. ఆ పొద్దు సెప్పింటే కూడా తీసేస్తాండలేదేమో." మా ఆయన తాంబూలం ముందుకు జరిపాడు. ఆయన ముట్టుకోలేదు.

ఆ తర్వాత గోడ అవతల తిట్లు ఆగిపోయాయి. లక్ష్మక్క మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు మేలు జరిగేది. వేళకు అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, మొహం వేరే వైపు తిప్పుకుని. తమ్ముణ్ణి మాత్రం గాజు గిన్నెలాగా చూసుకోవడం మొదలుపెట్టింది. రొట్టె ముక్కలు చేసి చేతిలో పెట్టడం, అరుగు దిగుతుంటే చెయ్యి పట్టుకోవడం, "నాయనా, నాయనా" అనడం. ఎన్నో ఏళ్ళుగా తనంతట తానే దిగుతున్న అరుగు అది. వీధిలో వాళ్ళు కూడా వాని ముందర గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. ఎవరూ బీడీ ఊసెత్తేవాళ్ళు కాదు. వాడు నవ్వడానికి ఏమీ మిగల్లేదు.

ఒక సాయంత్రం ఆయన బస్సు తోలుకొచ్చి, చేతులు కడుక్కుని అరుగు దగ్గరికి వచ్చాడు. నేను వాకిట్లో నూలు చుడుతున్నాను. ఈరన్న అన్నాడు:

"బావా, అక్క నన్ను తిట్టడం మానుకునె."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నేను బీడీ తాగినోణ్ణి. నా తప్పుకు నేను పడినోణ్ణి. అక్క సంసారం నిలబెట్టినోణ్ణి. అదంతా నా లోపల ఉండె. ఇప్పుడు ఉత్త గుడ్డోణ్ణి అయితిని."

అంతే అన్నాడు. కోపంతో కూడా కాదు. ఆయన అరుగు కింద నిలబడి ఎంతసేపు విన్నాడో, వినడానికి ఇంకా ఏమైనా ఉందేమోనని ఎదురుచూశాడో తెలియదు. దీపాలు పెట్టే వేళకు కూడా అక్కడే ఉన్నాడు.

ఆ నెల తిరక్కుండానే ఈరన్న ఆలూరులో మేనత్త ఇంటికి పోయాడు. లక్ష్మక్క ఏడ్చి, వద్దని బతిమాలింది. వాడు వినలేదు. కొన్నాళ్ళకు ఆలూరు నుంచి వచ్చిన నూలు వ్యాపారి ఒకాయన మా ఇంట్లో కూర్చుని, "మీ పక్కింటి ఈరన్న మా వీధిలోనే ఉండాడు. బలే మాటకారి. బీడీ తాగి కండ్లు పోగొట్టుకున్న కత చెప్తా ఉంటే పిల్లలంతా సుట్టూ చేరతారు" అన్నాడు. ఇక్కడ జరిగిన మాట అక్కడ ఎవరికీ తెలియదు. మేనత్తకు కూడా వాడు చెప్పలేదు. ఆమె కూడా తిడుతుందంట, రోజూ.

ఈ మాట ఆయనకు చెప్పాలా వద్దా అని నేను తటపటాయించాను. చివరికి లక్ష్మక్కకు చెప్పాను. ఆమె ఆయనకు చెప్పింది. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఆ మాటతోనే మళ్ళీ మొదలైంది.

అమావాస్యకు బస్సు నిలిపే రోజున ఆయన ఆలూరు పోయాడు, వాణ్ణి పిలుచుకొద్దామని. సాయంత్రం ఒంటరిగా తిరిగొచ్చాడు. లక్ష్మక్క నీళ్ళకు పోయి ఉంది. మా వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ, నేను అడగకుండానే చెప్పాడు.

"వాడు రాడంటమ్మా. వాళ్ళ మేనత్త నన్ను సూస్తానే పీట ఏసె. కాళ్ళకు నీళ్ళిచ్చె. 'మావాడు బీడీ తాగి నీ బండి మీదికి చేటు తెచ్చినా, ఇన్నేండ్లు కూసోబెట్టి సాకితివి. నీ మాదిరి బావ ఎవురికి దొరుకుతాడు నాయనా' అనె. ఇరుగుపొరుగోళ్ళను పిలిచి నన్ను సూపించె. వేడన్నం మీద నెయ్యి పోసె."

"మరి నువ్వేమన్నావన్నా?"

"అందామని నోరు తెరిస్తిని. వాడు పక్కనే కూసోని ఉండె. నా మోకాలు పట్టుకునె. గట్టిగా. గోర్లు దిగేటట్ల."

చెంబు కింద పెట్టాడు.

"మల్ల ఏం చేస్తివి?"

"తింటినమ్మా. వాళ్ళు పొగుడ్తాంటే వింటా, ఆ నెయ్యి కూడంతా తింటిని. వాడు నన్ను అడిగింది అదొక్కటే గదా."

అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ ఆలూరు పోయేవాడు. కాపురం ఆదోనికి మార్చాక కూడా మానలేదని లక్ష్మక్క చెప్పింది. మొదట్లో ఆమె తోడుగా వస్తానంటే వద్దన్నాడు, తర్వాత ఆమే అడగడం మానేసింది. మా పక్కింట్లో ఉన్నన్నాళ్ళూ, పోయే రోజు పొద్దున ఆయన ఏమీ తినేవాడు కాదు. మా ఇంట్లో మజ్జిగ ఇచ్చినా పుచ్చుకునేవాడు కాదు.

"వద్దు తల్లీ," అనేవాడు. "ఆడ వాళ్ళు కొసరి కొసరి పెడతారు. వద్దనడానికి నాకు నోరు ల్యాదు. కడుపులో జాగా ఉండల్ల."